పెద్దకోడలి రోము ప్రయాణం

రోముకు వెళ్ళేది నేనే అనుకున్నాను. ఇందులో దాచుకునేదేమీ లేదు. మాఘమాసం మొదలుకొని ఉగాది దాకా రంగుల మిషన్ ముందు నిలబడి కాళ్ళు వాచినదాన్ని నేను. "ఈ షేడు హేమమ్మగారే కలపాలి" అని గజపతినగరం చుట్టుపక్కల మేస్త్రీలందరూ వెతుక్కుంటూ వచ్చేది నా దగ్గరికి. మరి రోము ఎవరికి రావాలి? మీరే చెప్పండి.

మాది మెయిన్ రోడ్డు మీద పెయింట్ల షాపు. మా బావగారు గణపతిరావు పేరు మీద ఉంది. మా ఆయన దేవేంద్ర ఆయనకు తమ్ముడు. బావగారు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారు, మా ఆయన వ్యానేసుకుని ఊళ్ళకు సరుకు దింపి వస్తారు, నేను రంగులు కలుపుతాను. తెల్లటి బేస్ డబ్బా మూత తీసి మిషన్ కింద పెట్టి, కంప్యూటర్లో నంబరు కొడితే రంగు చుక్కలు వాటంతట అవే పడతాయి. ఆ పని ఎవరైనా చేస్తారు. కానీ ఎవరో ఒకరు పాత గోడ పెచ్చు కాగితంలో చుట్టి తెచ్చి, దీనికి కలిసేలా చెయ్యండమ్మా అంటారు చూడండి, అది నంబరుకు లొంగదు. దానికి కన్ను కావాలి. ఆ కన్ను మా ఇంట్లో నాకే ఉంది. గొప్పలు చెప్పుకుంటోందని అనుకుంటే అనుకోండి.

మాఘంలో కంపెనీ సేల్స్ ఆఫీసరు వచ్చి స్కీము చెప్పాడు. మార్చి ఆఖరులోగా టార్గెట్ దాటిన డీలరుకు రోము ప్రయాణం. షాపు తరఫున ఇద్దరు వెళ్ళొచ్చు, భార్యాభర్తలైతే మరీ మంచిది. విమానం, హోటలు, తిండి అంతా కంపెనీదే. చెబుతూ చెబుతూ అతను నా వైపు తిరిగి, "ఇంక అంతా మేడమ్ చేతిలోనే ఉంది" అన్నాడు. బావగారు నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. నేను మాత్రం ఆ మాటను గట్టిగా పట్టుకున్నాను.

అప్పటినుంచి మధ్యాహ్నాలు బేరాలు పలచగా ఉన్నప్పుడు ఫోనులో రోము చూడడం మొదలుపెట్టాను. అందరూ అక్కడి పెద్ద చర్చి చూస్తారు, నీళ్ళు చిమ్మే బొమ్మలు చూస్తారు, సగం విరిగిన ఆ గుండ్రటి కట్టడం ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. నేను వాళ్ళ వెనకాల గోడలు చూశాను. సందుల్లో మామూలు జనం కాపురాలుండే ఇళ్ళ గోడలు. తాటిపండు గుజ్జు రంగొకటి, కావి రంగొకటి, ఎండి మడతలు పడ్డ నారింజ తొక్క రంగొకటి. వానకు తడిసి, ఎండకు వెలిసి, పైపూత ఊడిన చోట కింద ఏ కాలంనాటిదో ఇంకో రంగు బయటపడి ఉంటుంది. మా షేడ్ కార్డు మొత్తం తిరగేసినా అవి దొరకలేదు. చిన్న డబ్బాల్లో కలిపి చూశాను, రాలేదు. ఫోనులో కనబడే రంగు నిజం కాదు. దగ్గరికి వెళ్ళి చూడాలి, గోడ మీద చెయ్యి పెట్టి చూడాలి. నాకు కావలసింది అంతే. ఇంకేమీ చూపించకపోయినా ఫరవాలేదు, ఒక్క సందులో ఒక్క గోడ ముందు కాసేపు నన్ను నిలబడనిస్తే చాలనుకున్నాను.

ఆ గోడ కోసం నేను పడ్డ పాట్లు అన్నీ చెప్పను. ఒక్కటి చెబుతాను. బెన్హర్ మేస్త్రి అని మా ఊళ్ళో పెద్ద పెయింటింగ్ మేస్త్రి, బాప్టిస్టు సంఘం మనిషి. ఈస్టరులోగా వాళ్ళ చర్చికి రంగులు వెయ్యాలని సంఘం వాళ్ళు అనుకుని, రంగు కుదరక వేరే షాపు వైపు మొగ్గారని తెలిసింది. నేను ఆటో ఎక్కి చర్చికి వెళ్ళి, ఎండ ఏ గోడ మీద ఎలా పడుతోందో చూసుకుని వచ్చి, ఒక రంగు కలిపి పంపాను. గోడ మీద ఒక పట్టీ వేసి చూసుకోమన్నాను. సంఘం పెద్దలు ఆ పట్టీ ముందు నిలబడి, ఇదే వెయ్యమన్నారట. చర్చి సరుకంతా మా షాపు నుంచే వెళ్ళింది. దాంతో టార్గెట్ దాటింది.

సేల్స్ ఆఫీసరు మిఠాయి పొట్లంతో ఇంటికే వచ్చాడు. హాల్లో అందరం ఉన్నాం. మా అత్త దాలమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఆనపకాయ తరుగుతోంది. ఎవరెవరు వెళ్తారో చెబితే పాస్‌పోర్టుల పని మొదలుపెడదామని అతను అన్నాడు. అత్త తల కూడా ఎత్తలేదు.

"పెద్దోడూ, పెద్దకోడలూ ఎల్తారు. ఇంకెవులెల్తారు?"

కాఫీ గ్లాసులు తెస్తున్న మా తోడికోడలు ఈశ్వరి గుమ్మంలోనే ఆగిపోయింది. అక్కను అప్ప అనడం మా వైపు అలవాటు, అందుకే నాకు ఆవిడ ఈశ్వరప్ప. ఒక గ్లాసులో కాఫీ తొణికి పళ్ళెంలో పడింది.

"ఎల్లేది నానా?" అంది.

"నువ్వు కాకపోతే నానెల్తానేటి, ఈ మోకాళ్ళేసుకుని?" అంది అత్త.

నేను బావగారి వైపు చూశాను. ఆయన ఫ్యాను వైపు చూస్తున్నారు. మా ఆయన వైపు చూశాను. ఆయన మిఠాయి పొట్లం తాడు విప్పుతున్నారు. ఎవరో ఒకరు, మరి హేమ సంగతేమిటని అంటారని ఎదురుచూశాను. ఎవరూ అనలేదు. నా చేతిలో మిఠాయి పెట్టారు. నవ్వు మొహం పెట్టుకుని తిన్నాను. 

మధ్యాహ్నం షాపులో మా ఆయన నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఏటే, అలాగున్నావు?"

"ఎలాగున్నాను? బాగానే ఉన్నాను."

"రోము గురించేనా?"

"రోమా? అదేటి, ఊరా?"

"ఊరుకోవే. ఒదిన పెళ్ళై వచ్చినకాడ్నుంచి కన్నోరిల్లు నౌపడ తప్ప ఏ ఊరెల్లినాది సెప్పు?"

"నాను ఏ ఊరెల్లినాను? నెల్లిమర్ల ఎల్లినాను. మా నాన్న పని సేసిన జూట్ మిల్లు గేటు సూసొచ్చినాను. రోము కంటే అది తక్కువదేటి?"

ఆయన వ్యాన్ తాళాలు తీసుకుని కొత్తవలస లోడుందని బయటపడ్డారు. ఆ రోజు కొత్తవలసకు ఏ లోడూ లేదు. నాకు తెలియదా.

నాకు కుళ్ళు పుట్టింది. ఆ మాటకు ఇంకో మంచి పేరు వెతికి లాభం లేదు. ఆవిడ నవ్వు వినబడితే కుళ్ళు, ఆవిడ ఫోను మోగితే కుళ్ళు, బావగారు "ఈశ్వరీ" అని పిలిస్తే కుళ్ళు. అప్పటిదాకా ఆయన ఆవిడను "ఇదిగో" అనేవారు. పాస్‌పోర్టు ఫొటోకని విజయనగరం తీసుకెళ్ళి తెచ్చిన దగ్గర్నుంచి పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. అది కూడా నాకు సహించలేదు.

ఈశ్వరప్ప చెడ్డ మనిషైతే నాకు సుఖంగా ఉండేది. చెడ్డది కాదు. లావుగా, నెమ్మదిగా, ఎవరేమన్నా నవ్వే మనిషి. నాకు జ్వరమొస్తే పక్కనుండి గంజి తాగించింది ఆవిడే. కానీ వీసాకు వేలిముద్రలు ఇవ్వడానికి హైదరాబాదు వెళ్ళి వచ్చాక ఆవిడ నోటికి తాళం ఊడిపోయింది. పాలవాడికి చెప్పింది. గ్యాసు బండ తెచ్చే అతనికి చెప్పింది. పక్కింటి బుల్లమ్మకు చెప్పింది, చెప్పిందే మళ్ళీ చెప్పింది. కూరగాయల తోపుడుబండి ఆపి, "రోము ఎల్తన్నాం, వంకాయలు ఎక్కువొద్దు" అంది.

బండివాడు తక్కెడ దించి అడిగాడు. "అదెక్కడమ్మా, రాయగడ దాటినాకా?"

"సానా దాటాల" అంది ఈశ్వరప్ప, చాలా తెలిసిన మనిషిలాగ. నేను గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ అంతా విన్నాను.

తర్వాత తెల్లటి బూట్లు వచ్చాయి. అక్కడ చాలా నడవాలని కంపెనీ వాళ్ళు చెప్పారట. పొద్దున్నే వరండాలో చీర కుచ్చిళ్ళు చీలమండల పైకెత్తి పట్టుకుని, బూట్లు వేసుకుని, ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచేది. అత్త మంచం మీద కూర్చుని, "కాలీడ్చకే, ఎత్తి ఎయ్యి" అని నడిపించేది. స్వెట్టరు వచ్చింది. మేనెల ఎండలో, ఫ్యాను కింద నిలబడి ఆవిడ స్వెట్టరు వేసుకుని చూసుకుంటుంటే చెమట గడ్డం మీదుగా కారింది.

"ఎలాగుందే హేమా?"

"బాగుంది. ఎలుగుబంటిలాగున్నావు" అన్నాను.

నవ్వింది. ఆవిడను ఏమని బాధపెట్టాలి చెప్పండి? ఏమన్నా నవ్వుతుంది.

ఒకరోజు నౌపడ నుంచి ఆవిడ తమ్ముడు ధనరాజు పెద్ద సంచితో దిగాడు. జీడిపప్పు, జంతికలు, ఆవకాయ జాడీ, వాటి కింద పాత పేపర్లో చుట్టిన ఎండుచేపలు. అక్క అంత దూరం వెళ్ళి ఏం తింటుందోనని వాళ్ళమ్మ పంపిందట. ఈశ్వరప్ప ఆ పొట్లం విప్పి వాసన చూసి మురిసిపోయింది. నేను నిదానంగా చెప్పాను.

"ఎండుసేపలు పట్టుకెల్తే ఎయిర్‌పోర్టులో కుక్కలు పసిగట్టి పట్టేసుకుంటాయి, అప్పా. అక్కడ అందరి ముందూ పెట్టి పొట్లం ఇప్పిస్తారు."

"నిజమేటి?" అని ఆవిడ మొహం చిన్నబోయింది. పొట్లం మళ్ళీ కట్టేసి తమ్ముడికి ఇచ్చేసింది. ఆ సాయంత్రం నాకు ఎంత హాయిగా ఉందో. అన్నం కూడా రెండోసారి వడ్డించుకున్నాను.

కానీ ఆ హాయి నిలవలేదు. మర్నాడు షాపు మూసే వేళకు ఆవిడ షాపుకే వచ్చింది. షాపులో అడుగు పెట్టడం ఆవిడకు అలవాటు లేదు. డబ్బాల మధ్య చీర ఒడిసిపట్టుకుని, తగిలితే ఏం పడిపోతుందోనన్నట్టు నడిచి వచ్చి, నా పక్కన స్టూలు మీద కూర్చుంది.

"ఆ ఊరు నీకు తెలుసట గదా. మీ ఆయన సెప్పినాడు. కొంచెం నాకు సూపించవే. అక్కడికెల్లి ఏటీ తెల్దంటే నలుగురిలో బాగోదు."

నా రోము ఆవిడకు నేను చూపించాలి. ఇంతకంటే ఏం కావాలి. పళ్ళ బిగువున ఫోను తీసి చూపించాను. పెద్ద చర్చి చూసి చేతులు జోడించింది. నీళ్ళ బొమ్మలు చూసి, "నీళ్ళన్నీ దండగ" అంది. వేలు జారి నేను దాచుకున్న గోడల వీడియో మొదలైంది. ఆ సందు, ఆ తాటిపండు గుజ్జు రంగు. ఆవిడ కళ్ళు చిట్లించి చూసింది.

"ఓలమ్మ, ఇదేటే, గోడలన్నీ పెచ్చులూడిపోయినాయి. మన బెన్హర్ మేస్త్రిని పంపితే లప్పం పెట్టి నున్నగా సేసేసును గదా."

నేను ఫోను లాక్కున్నాను. లాక్కున్నాననే చెబుతున్నాను, తీసుకున్నానని కాదు. ఆ గోడ ముందుకు వెళ్ళి నిలబడేది ఈవిడ. నిలబడి, పెచ్చులూడిపోయాయని అనుకుని, అటు వెళ్ళిపోయేది ఈవిడ.

"షాపు కట్టేస్తన్నాను అప్పా, ఎల్దాం" అన్నాను.

 దారిలో ఆవిడ రెండుసార్లు నా మొహం వైపు చూసింది. నేను బజారు వైపు చూస్తూ నడిచాను.

ప్రయాణం దగ్గర పడ్డ ఆదివారం, ఆరాధన అయ్యాక, బెన్హర్ మేస్త్రి తన పనివాళ్ళను నలుగురైదుగురిని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. అందరూ ఉతికిన తెల్లచొక్కాల్లో ఉన్నారు. చేతుల్లో పూలదండ, యాపిల్ పళ్ళ సంచి, బంగారు అంచు శాలువా. రోము వెళ్ళే అమ్మగారికి సన్మానం చెయ్యాలని వచ్చామన్నాడు. అత్త సంతోషపడిపోయి వరండాలో కుర్చీలు వేయించింది. ఈశ్వరప్ప లోపలికి పరుగెత్తి చీర మార్చుకుని వచ్చి, మధ్య కుర్చీలో, పైట సర్దుకుని, కాళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చుంది. నేను స్తంభం పక్కన నిలబడ్డాను. చూడకూడదనుకున్నాను, కాని కాళ్ళు కదలలేదు.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"అపొస్తలుడైన పౌలుగారు ఎల్లిన పట్నం అది. మా దేవుని ఇంటికి అంత సక్కటి రంగు కలిపిన సెయ్యి, ఇప్పుడు ఆ పట్నం ఎల్తన్నాది. మా రంగులోళ్ళందరికీ గర్వంగా ఉన్నాది."

అంటూ శాలువా విప్పి, కుర్చీలో కూర్చున్న ఈశ్వరప్పను దాటుకుని వచ్చి, నాకు కప్పాడు. దండ నా చేతిలో పెట్టాడు. పనివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకతను ఫోనుతో ఫొటో తీశాడు.

"ఏటి బెన్హరూ" అంది అత్త. "ఎల్లేది పెద్దకోడలు గదా."

చప్పట్లు ఆగిపోయాయి. మేస్త్రి నన్ను చూశాడు, ఈశ్వరప్పను చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.

"అదేటమ్మా, రంగు కలిపింది ఈయమ్మ గదా, అందుకని..." అని ఆగిపోయాడు. బావగారు లేచి గేటు దాకా వెళ్ళి, అక్కడ పనేమీ లేక మళ్ళీ వచ్చారు.

ఇలాంటప్పుడు మా ఇళ్ళల్లో ఏం చెయ్యాలో అందరికీ తెలుసు. చిన్నకోడలు నవ్వుతూ శాలువా తీసి పెద్దకోడలికి కప్పాలి. అత్త కళ్ళతోనే చెబుతోంది. మా ఆయన కళ్ళతోనే బతిమాలుతున్నారు. నేను తియ్యలేదు. ఆ శాలువా నాది. ఈ సీజనంతా నా పేరు పెట్టి నాకంటూ ఎవరైనా ఇచ్చింది అదొక్కటే. రెండు చేతులతో అంచులు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఈశ్వరప్పే లేచింది.

"పోన్లే మేస్త్రీ. ఎవులికి కప్పినా ఈ ఇంటికే గదా. కూకోండి, కాపీ తెస్తాను" అని లోపలికి వెళ్ళింది. ఈసారి మాత్రం నవ్వలేదు. ఆ ఎండలో శాలువా కప్పుకునే నేనూ కాఫీ తాగాను. వీపంతా చెమటతో తడిసిపోయింది.

సాయంత్రం మేడ మీద ఎండబెట్టిన వడియాలు తియ్యడానికి వెళితే, అప్పటికే ఆవిడ అక్కడ ఉంది. పాత పంచె మీద నుంచి ఒక్కొక్క వడియం విరగకుండా ఒలుస్తోంది. నేను ఇంకో చివర కూర్చుని మొదలుపెట్టాను. తిడుతుందనుకున్నాను. తిడితే నేనేం అనాలో అన్నీ సిద్ధం చేసుకున్నాను. రంగుల మిషన్ సంగతి, చర్చి సంగతి, అన్నీ.

"శాలువా నువ్వే ఉంచుకో" అంది. "నీకు కప్పిందే. నాకు శాలువా అక్కరనేదు."

"నీకు అక్కర్లేనిదేటి? రోము కావాల గదా" అన్నాను.

ఆవిడ చేతిలో వడియాలు గిన్నెలో వేసింది.

"రోమేటో నాకేటి తెలుసే. నువ్వు సూపిస్తే సూసినాను. నాకేటీ అర్థం కానేదు. ఏ ఊరైనా నాకొకటే."

"మరెందుకెల్తన్నావు?"

 నా వైపు చూడకుండా, వడియాలు ఒలుస్తూనే చెప్పింది.

"పొద్దున్నే నువ్వు తలదువ్వుకుని, సంచి బుజానేసుకుని, గేటు తీసుకుని ఎల్తావు. నాను వంటింటి కిటికీ కాడ నిలబడి సూస్తాను. వచ్చినకాడ్నుంచీ సూస్తన్నాను. షాపులో నిన్ను మేడమంటారట. అక్కడ నీకొక కుర్సీ, ఒక ఫ్యాను, ఎవులెవులో వచ్చి నిన్ను అడిగి సేసుకోడాలు. నాను అన్నం వండతాను, అత్త కాళ్ళకి నూనె రాస్తాను. గేటు తీసుకుని ఎల్లేటప్పుడు నువ్వు ఒక్కనాడూ ఎనక్కి తిరిగి సూడనేదు." గిన్నె పక్కకు జరిపింది. "ఒక్కసారి నానెల్తంటే నువ్వు సూడాల. అంతే నా ఆశ."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఈ మాట చెప్పడానికి సిగ్గుపడను, ఎక్కడలేని హాయి కలిగింది. నా మీద కుళ్ళా. ఆ డబ్బాల వాసనలో, నిలబడి నిలబడి నరాలు ఉబ్బిన ఈ కాళ్ళ మీద, నా బతుకు మీద ఇంకొకరికి కుళ్ళా. ఎవరైనా నన్ను చూసి కుళ్ళుకుంటారని నేను ఎప్పుడూ అనుకోలేదు. వెంటనే మళ్ళీ మండుకొచ్చింది.

"దానికోసం రోమెల్లాలేటి? నౌపడ ఎల్తే సాలదా?"

"నౌపడ ఎల్తే నీకు కుళ్ళేటే?" అంది ఈశ్వరప్ప.

 కింద అత్త ఎవరినో పిలుస్తోంది. ఇద్దరం మిగిలిన వడియాలు తీసి, పంచె రెండు కొసలూ పట్టుకుని దులిపి, మడత పెట్టి కిందికి దిగాం.

ప్రయాణం రోజు పొద్దున్నే షాపు తెరవాలని నేను ముందే అనుకున్నాను. వాళ్ళు బయలుదేరేసరికి నేను ఇంట్లో ఉండకూడదు. విశాఖపట్నం విమానానికి కారు మాట్లాడారు. నేను స్నానం చేసి, సంచి భుజాన వేసుకుని వస్తుంటే అత్త అడ్డం పడింది.

"ఎక్కడికే? వాళ్ళు బయలెల్లేటప్పుడు ఎదురు రావాల గదా. నాను రాకూడదు. ఇంట్లో ముత్తైదువు నువ్వొక్కర్తివే."

మా మామగారు పోయినప్పటినుంచి ఇంట్లో ఎవరు ప్రయాణమైనా వీధి చివర నుంచి నీళ్ళ బిందెతో ఎదురొచ్చేది ఈశ్వరప్పే. ఆవిడే ప్రయాణం చేస్తుంటే ఎదురు ఎవరు రావాలన్నది ఆ రోజుదాకా ఎవరికీ తట్టలేదు.

"బుల్లమ్మని పిలవండి. నాకు షాపు పనుంది" అన్నాను.

"అలాగే పిలుస్తాను" అంది అత్త, నా మొహం ఒకసారి చూసి. గేటు దాకా వెళ్ళాను. అలవాటుగా గడియ తీశాను. అక్కడ ఆగి వెనక్కి తిరిగి చూశాను.

వంటింటి కిటికీ దగ్గర ఈశ్వరప్ప నిలబడి ఉంది. పట్టుచీర కట్టుకుని, బూట్లు వేసుకుని కూడా అక్కడే నిలబడి ఉంది. నేను వెనక్కి తిరగడం చూసి కిటికీ ఊచ పట్టుకుంది.

సంచి తెచ్చి కుర్చీలో పడేశాను. ఇత్తడి బిందె తీసుకుని కుళాయి కింద పెట్టాను. అత్త పసుపూ కుంకుమా తెచ్చి ముందు పెడితే, బిందెకు పెట్టి నా నుదుటా పెట్టుకున్నాను. నేను బిందె చంకనెత్తుకుని వీధి చివరకు వెళ్ళి నిలబడ్డాను. వీధివాళ్ళందరూ గుమ్మాల్లోకి వచ్చారు.

వాళ్ళు గేటు బయటికి వచ్చారు. ముందు బావగారు, వెనక ఈశ్వరప్ప. చేతి మీద స్వెట్టరు. కాలీడ్చకుండా, అత్త చెప్పినట్టు ఎత్తి ఎత్తి వేస్తోంది. నేను ఎదురు నడిచాను. నవ్వు మొహం పెట్టుకుని వెళ్ళాలనుకున్నాను. మిఠాయి తిన్న రోజు పెట్టుకున్నానే, అలాంటిది. కానీ సగం దూరం వెళ్ళేసరికి నాకు ఆ సందు గుర్తొచ్చింది, ఆ గోడలు గుర్తొచ్చాయి. కళ్ళలో నీళ్ళు వచ్చేశాయి. బిందె ఉంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఉన్నా తుడుచుకునేదాన్ని కాదు. నా కుళ్ళు ఎలా ఉంటుందో అలాగే మొహాన పెట్టుకుని ఆవిడ ముందుకు వెళ్ళి నిలబడ్డాను.

ఆవిడ ఆగింది. నన్ను చూసింది. తొందర లేకుండా, కడుపు నిండా చూసింది. తర్వాత ఆవిడ కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

"ఎల్లొస్తానే హేమా."

"ఎల్లిరా అప్పా. సూస్తన్నాను" అన్నాను.

కారు మెయిన్ రోడ్డెక్కి విజయనగరం వైపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను. ఆవిడ వెనక అద్దంలోంచి చూస్తూనే ఉంది. వీధివాళ్ళు లోపలికి వెళ్ళిపోయారు. అత్త మెల్లగా మోకాళ్ళు పట్టుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"ఎందుకే ఏడుపు? వారం తిరక్కుండా వచ్చేస్తారు గదా."

"వాళ్ళు ఎల్లినందుకు కాదత్తా. నాను ఎల్లనందుకు."

వీధిలో ఇంకెవరైనా ఉన్నారేమో కూడా చూసుకోలేదు. అత్త నా వైపు విచిత్రంగా చూసింది. కోపం కాదు, నిజంగా తెలియక చూసినట్టే చూసింది.

"ఎల్తానని నువ్వెప్పుడడిగినావే?"

ఆనపకాయ తరిగిన ఆ పొద్దుటి నుంచి ఈ పొద్దుటి దాకా అంతా వెతుక్కున్నాను. మా ఆయనను దెప్పాను. బావగారి మొహం చూశాను. ఎవరో ఒకరు అంటారని చూశాను. అడగడం మాత్రం ఎక్కడా లేదు.

"ఇప్పుడడుగుతున్నాను" అన్నాను. "మళ్ళీ స్కీము వస్తాది. ఏ ఊరైనా కానీ, నానెల్తాను. నాను ఎల్తానని ఇప్పుడే సెప్తన్నాను."

"సరే, ఎల్దువులే" అంది అత్త. "ముందు ఆ బిందె దించు, బరువు."